ఒక్క పడవ కోసం ఐదు నెలలు: చెక్క మీద సముద్రం చెక్కిన నా అనుభవం

పోయిన అక్టోబర్‌లో మొదలుపెట్టి ఫిబ్రవరి చివరికి ఒక బొమ్మ పూర్తి చేశాను. పోస్టుకార్డు కంటే కాస్త పెద్దది, అంతే. కింద ఎడమ పక్క నాలుగు రాళ్లు, మిగతాదంతా నీళ్లు, ఎక్కడో దూరంగా ఒక చిన్న పడవ. జపాన్ వాళ్లు మోకుహాంగా అంటారు దీన్ని, చెక్క మీద చెక్కి, నీళ్ల రంగులు పూసి, కాగితం మీద అచ్చు తీయడం. ఇంత చిన్న బొమ్మకి ఐదు నెలలా అని ఆఫీసులో ఒకరు అడిగారు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే వివరంగా రాస్తున్నాను.

నేను టోక్యోలో నిషి కసాయ్‌లో ఉంటాను, ఆరో సంవత్సరం. మనవాళ్లు ఎక్కువగా ఉండే చోటే. రైల్వే స్టేషన్ దగ్గర నిలబడితే పది నిమిషాల్లో తెలుగు మాట వినపడుతుంది. కానీ నాతో మొదట్నుంచీ ఉన్న ఇద్దరు స్నేహితులు హైదరాబాద్ వెళ్లిపోయారు, రూమ్‌మేట్‌కి పెళ్లయి ఒసాకా వెళ్లిపోయింది, నాకేమో వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే పని. సాయంత్రం కూరగాయల షాపులో డబ్బులిస్తూ థ్యాంక్స్ చెబితే, ఆ రోజు నేను నోరు తెరిచి మాట్లాడిన మొదటి మాట అదేనని గుర్తొచ్చిన రోజులున్నాయి.

అలాంటి ఒక ఆదివారం యోషిదా హిరోషి అచ్చు బొమ్మల ప్రదర్శన చూశాను. ఈయన 1876లో పుట్టి 1950లో పోయారు. మన దేశం కూడా వచ్చి అజంతా, మదురై, ఉదయ్‌పూర్ లాంటి చోట్ల తిరిగి వెళ్లి ఆ బొమ్మలు వేశారు. నన్ను కట్టిపడేసినవి మాత్రం 1926లో సెతో సముద్రం మీద వేసినవి. సెతో అంటే జపాన్ పెద్ద దీవుల మధ్య, చుట్టూ చిన్న చిన్న ద్వీపాలతో ఉండే సముద్రం. అందులో తెరచాప పడవల బొమ్మ ఒకటుంది. ఒకే పడవల బొమ్మ, రంగులు మాత్రం మార్చి ఆరు రకాలుగా వేశారు: తెల్లవారుజాము, పొద్దెక్కాక, మధ్యాహ్నం, మంచు, సాయంత్రం, రాత్రి. చెక్కలు అవే. మంచు బొమ్మలో వెనకున్న పడవలు ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. రాత్రి బొమ్మలో పడవ మీద దీపం వెలుగు నీళ్లలో పడుతుంది. ఏ బొమ్మలోనూ ఏమీ జరగదు, గాలి కోసం చూస్తున్న పడవలు, అంతే. నేను మాత్రం వాటి ముందు నుంచి కదల్లేకపోయాను. నా ఇంట్లో ఉండే నిశ్శబ్దమే అక్కడా ఉంది. కానీ దాన్ని చూస్తుంటే భయం వేయలేదు, ఇంకాసేపు ఉందామనిపించింది. ఎలా చేశారో తెలుసుకోవాలనిపించింది.

జపాన్ సముద్రం బొమ్మ అనగానే అందరికీ గుర్తొచ్చేది 1831 ప్రాంతంలో హోకుసాయ్ వేసిన పెద్ద కెరటం. అందులో మూడు పడవలు, వాటిలో తలలు వంచేసి పడవని గట్టిగా పట్టుకున్న మనుషులు ఉన్నారని చాలామంది చాలాసేపటిదాకా గమనించరు. నాకు అంతకంటే ఆయనదే కజికజావా బొమ్మ ఇష్టం. రాతి కొన మీద ఒక జాలరి నిలబడి తాళ్లు లాగుతుంటాడు, పక్కన పిల్లాడు కూర్చుని ఉంటాడు, కింద నీళ్లు సుడులు తిరుగుతుంటాయి. చూస్తే సముద్రమే అనుకుంటాం, నిజానికి అది ఫుజి నది. ఆ రాయి, జాలరి చేతిలో తాళ్లు కలిసి ఒక త్రికోణం అవుతాయి, వెనక ఫుజి కొండ ఆకారం కూడా అదే. మొదట్లో ఆ బొమ్మని పూర్తిగా నీలం రంగులోనే అచ్చు వేశారు. ఆ నీలాన్ని ఇక్కడ బెరో ఆయ్ అంటారు, అంటే బెర్లిన్ నీలం. బయటి నుంచి వచ్చిన ఆ రంగు 1830 ప్రాంతంలో బాగా వాడకంలోకి వచ్చింది. అంతకుముందు పువ్వుల నుంచి తీసిన నీలం వాడితే వెలుతురుకి వెలిసిపోయేది. లోతైన సముద్రం, ముదురు ఆకాశం జపాన్ అచ్చుల్లో అంతగా కనపడటానికి ఈ రంగు పెద్ద కారణం.

సరే, శనివారం మధ్యాహ్నాలు నేర్పే ఒక చిన్న స్టూడియో దొరికింది. సెన్సే, అంటే మా టీచర్, డెబ్బై దాటిన ఆవిడ, జీవితమంతా అచ్చు తీసే పనిలోనే ఉన్నారు. మొదటి రోజే చెప్పారు, పాత పద్ధతిలో ఈ పని ఒక్కరిది కాదట. బొమ్మ గీసేవాళ్లు వేరు, చెక్కేవాళ్లు వేరు, అచ్చు తీసేవాళ్లు వేరు, డబ్బు పెట్టి అమ్మే ప్రచురణకర్త వేరు. ఆ పెద్ద కెరటం కూడా హోకుసాయ్ గీశారే తప్ప చెక్కను ఆయన చెక్కలేదు. అంత ఏకాంతం కనపడే బొమ్మల వెనక ఇంతమంది చేతులున్నాయని నాకు అప్పుడే తెలిసింది. యోషిదా తర్వాతి కాలంలో చెక్కేవాళ్లనీ అచ్చు తీసేవాళ్లనీ తన దగ్గరే పెట్టుకుని పని దగ్గరుండి చేయించారు, ఒక్కో బొమ్మకి ముప్పైకి పైగా సార్లు రంగు మీద రంగు వేయించిన సందర్భాలున్నాయి. మనం మాత్రం నాలుగు పనులూ ఒక్కళ్లమే చేయాలి, కాబట్టి చిన్న బొమ్మ ఎంచుకోండి అన్నారు సెన్సే.

బొమ్మ కోసం సముద్రం ఒడ్డునున్న చోషి అనే ఊరు వెళ్లాను. టోక్యో నుంచి షియోసాయ్ ఎక్స్‌ప్రెస్‌లో రెండు గంటలు, అక్కడి నుంచి చోషి ఎలక్ట్రిక్ రైలు. ఆ లైను మొత్తం 6.4 కిలోమీటర్లే. ఇనుబోసాకిలో 1874లో వెలిగించిన తెల్లటి లైట్‌హౌస్ ఉంది, పైకి 99 మెట్లు. ఎదురుగా పసిఫిక్ తప్ప ఇంకేమీ లేదు. హోకుసాయ్ కూడా చోషి సముద్రం బొమ్మ వేశారు, విరిగిపడే కెరటాల మధ్య పడవలతో. మాది బందరు. మంగినపూడి సముద్రం తెలిసినవాళ్లకి ఈ తేడా అర్థమవుతుంది. అక్కడ నల్లమన్ను, ఎంత దూరం నడిచినా మోకాలి లోతు, పిల్లల్ని వదిలేసి అమ్మలు కబుర్లు చెప్పుకునేంత నెమ్మదైన నీళ్లు. ఇక్కడ ముదురు నీలం నీళ్లు వచ్చి రాళ్లని కొడుతుంటే ఆ చప్పుడు పొట్టలో తెలుస్తుంది. గాలికి కాగితం నిలవలేదు, క్లిప్పులు పెట్టి మూడు గంటలు గీశాను. చాలాసేపు సముద్రం మీద ఏమీ లేదు. తర్వాత ఒక చిన్న చేపల పడవ బయల్దేరి, ఒక కెరటం వెనక్కి పోతూ మళ్లీ పైకి తేలుతూ వెళ్లిపోయింది. అది పూర్తిగా కనపడకుండా పోయేదాకా నేను గీయకుండా చూస్తూ కూర్చున్నాను.

నేను తీసుకెళ్లిన బొమ్మలో లైట్‌హౌస్ ఉంది, పక్షులు ఏడు, పడవలు మూడు, రాళ్ల మీద నిలబడ్డ ఒక అమ్మాయి. సెన్సే పెన్సిల్‌తో ఒక్కోదాన్ని చూపిస్తూ, దీన్ని చెక్కడానికి ఎన్ని శనివారాలు ఇవ్వగలరు అని అడిగారు. పక్షులకి రెండు అన్నాను. రెండు శనివారాలు పెట్టేంత అవసరం ఈ పక్షులకి ఉందా అన్నారు. అలా ఒక్కొక్కటీ తీసేశాను. అమ్మాయి దగ్గర మాత్రం నాకు మనసు రాలేదు. ఆ అమ్మాయి నేనే కదా. సెన్సే ఏమీ అనలేదు, ఆ అమ్మాయి మీద వేలు పెట్టి మూసి బొమ్మ నా వైపు తిప్పారు. ఆ అమ్మాయి లేకపోతే సముద్రాన్ని చూస్తున్నది బొమ్మ పట్టుకున్న నేనే అయ్యాను. ఆ అమ్మాయినీ తీసేశాను.

తర్వాత పని ఇలా సాగింది. పలచటి కాగితం మీద గీతలు గీసి, దాన్ని చెక్క మీద బోర్లా అంటిస్తారు, అందుకే చెక్క మీద అంతా కుడి ఎడమలు తారుమారై ఉంటుంది. జిగురు కాస్త ఆరాక కాగితం వెనక పొరని వేలి కొసతో రుద్ది రుద్ది తీసేస్తే గీతలు పైకి తేలతాయి. పాతకాలంలో అడవి చెర్రీ చెక్క వాడేవారు, ఇప్పటికీ మంచి పనికి అదే. నేర్చుకునేవాళ్లకి షినా ప్లైవుడ్ ఇస్తారు, మెత్తగా తెగుతుంది. గీతకి రెండు పక్కలా కత్తిని ఏటవాలుగా పట్టుకుని గాటు పెట్టాలి. గీత కింద వెడల్పుగా, పైన సన్నగా మిగలాలి, లేకపోతే రుద్దేటప్పుడు విరిగిపోతుంది.

గీతలు చెక్కడం నేను అనుకున్నంత కష్టమనిపించలేదు. కష్టమంతా వాటి చుట్టూ ఉన్న చెక్కని తీసేయడంలో ఉంది. మొదటి చెక్క మీద నాకు మిగలాల్సింది రాళ్ల గీతలు, పడవ, అంతే. మిగతా చెక్కంతా ఉలితో తవ్వి పారేయాలి. పడవ ఎంతుంటుంది, గోరంత. దాని చుట్టూ ఉన్న చెక్క తీయడానికి నాకు మూడు శనివారాలు పట్టింది. పడవకి ఆనుకుని చిన్న ఉలి, కాస్త జరిగాక పెద్ద గుండ్రటి ఉలి, సుత్తి. తవ్విన చోట చిన్న గట్టు మిగిలినా రంగు దానికి అంటుకుని కాగితం మీద మచ్చ పడుతుంది, కాబట్టి లోతుగా తీయాలి. మూడో శనివారం సాయంత్రం పొట్టు ఊదేసి చెక్కని దీపం పక్కకి వంచి చూస్తే, ఆ తవ్విన బీడులో పడవ ఒక్కటే నిలబడి ఉంది. దాని నీడ పొడుగ్గా పడింది. అంతకుముందు కాగితం మీద ఆ పడవని నేను వందసార్లు చూశాను, అది ఒంటరిగా ఉన్నట్టు ఎప్పుడూ అనిపించలేదు. చుట్టూ ఉన్నదంతా నా చేత్తో నేనే తీసేశాక తెలిసింది. నేను ఒక్కదాన్నే ఉన్నాను అనుకునేదాన్ని ఇన్నాళ్లూ, అది నాకు జరిగిపోయిన విషయం అన్నట్టు. ఈ ఒంటరి పడవ మాత్రం నా చేతుల మీద బొబ్బలతో తయారైంది. ఎందుకో నాకు దుఃఖం రాలేదు, బొటనవేలితో దాన్ని మెల్లిగా తడిమాను.

మరుసటి వారమే పడవ ముక్కు ఎగిరిపోయింది. ఏదో చిన్న గట్టు సరిచేద్దామని కత్తి పెట్టాను, జారింది. నాకు ఏడుపొచ్చింది. సెన్సే నెమ్మదిగా వచ్చి, విరిగిన చోట చిన్న పలక ఆకారంలో గుంత కోసి, అంతే ఉన్న చెర్రీ చెక్క ముక్కని సుత్తితో కొట్టి బిగించి, పైన చదును చేశారు. దీనికి ఉమేకి అని పేరుంది, అంటే పూడ్చిన చెక్క అనుకోండి. ఒక పనికి పేరుందంటే ఆ తప్పు వందల ఏళ్లుగా అందరూ చేస్తున్నారనే కదా. ఆ ముక్క మీద పడవ ముక్కు మళ్లీ గీసి మళ్లీ చెక్కాను.

గీతల చెక్క అయ్యాక దాన్నుంచి నల్ల అచ్చులు తీసి, ఒక్కో రంగుకీ ఒక్కో చెక్క తయారుచేయాలి. నాకు ఆకాశానికి ఒకటి, సముద్రానికి రెండు. అన్ని చెక్కల మీదా కాగితం ఒకే చోట పడాలి కదా, దానికి కెన్తో అని రెండు గుర్తులు చెక్కలోనే చెక్కుతారు: మూలకి ఒకటి, అంచుకి ఒకటి. కాగితం మూల ఆ గాట్లో కూర్చుంటే చాలు. సెతో బొమ్మల్లో ఎండకి మెరిసే నీళ్లని యోషిదా గుండ్రటి ఉలి గాట్లతో చేయించారు, ఒక్కో గాటు ఒక్కో మెరుపు. అది చూసే నేను కూడా సముద్రం రెండో చెక్క మీద, క్షితిజం దగ్గర మాత్రం, ఓ ముప్పై చిన్న గాట్లు పెట్టాను. ఎక్కువ పెడితే నీళ్లు గలగల మాట్లాడేస్తాయి అన్నారు సెన్సే. నాకు ఆ మాట చాలా నచ్చింది.

ఇక అచ్చు తీయడం. మా మావయ్య పెడనలో కలంకారీ అద్దకం పని చేసేవారు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే టేకు అచ్చుని రంగులో అద్ది బట్ట మీద పెట్టి అరచేతి మడమతో ఒక్క దెబ్బ వేసే చప్పుడు రోజంతా వినపడేది. అచ్చు అంటే అదే అనుకున్నాను నేను. ఇక్కడ అంతా తిరగబడి ఉంది. అచ్చు కదలదు, బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉంటుంది. కాగితమే వచ్చి దాని మీద పడుకుంటుంది, మనం కాగితం వెనక నుంచి రుద్దుతాం. రుద్దేది బారెన్ అనే గుండ్రటి బిళ్లతో, లోపల మెలితిప్పిన తాడు చుట్ట, పైన వెదురు పొర. రంగు మనం కాగితానికి పూయం, కాగితం చెక్క మీద నుంచి తాగుతుంది. కాగితం కోజో చెట్టు బెరడు నారతో చేసింది. రంగు పాకకుండా దానికి జిగురూ పటికా కలిపిన నీళ్లు పూసి ఉంచుతారు. పటిక అనగానే నాకు పెడన వాసన వచ్చింది, అక్కడ రంగు బట్టకి పట్టడానికి వాడేది కూడా పటికే.

ముందురోజు కాగితాలు తడిపి ఒకదాని మీద ఒకటి పేర్చి ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టాలి, తడి అంతటా సమంగా పాకాలి. చెక్క మీద రంగు రెండు చుక్కలు, బియ్యప్పిండి జిగురు ఒక చుక్క, బ్రష్‌తో గుండ్రంగా కలిపి చివరికి నిలువునా సరిచేసి, కాగితం మూల కెన్తోలో కూర్చోబెట్టి వదిలి, బారెన్‌తో ఒంటి బరువంతా వేసి రుద్దాలి.

రాళ్లు బాగా వచ్చాయి, పడవ బాగా వచ్చింది. సముద్రం రాలేదు. బొమ్మలో ఏమీ లేని చోటే అన్నిటికంటే కష్టం. గీతలో చిన్న తేడా ఉంటే ఎవరికీ కనపడదు, కానీ అంతా ఒకే నీలం ఉన్న చోట చెయ్యి ఒక్కసారి తేలిపోయినా తెలిసిపోతుంది. నా మొదటి సముద్రం నిండా తెల్లటి నువ్వులు చల్లినట్టు చుక్కలు. దీన్ని కావాలని చేసే పద్ధతి కూడా ఉందట, దాని పేరు కూడా నువ్వుల అచ్చే, కానీ నాది కావాలని చేసింది కాదని సెన్సేకి ఒక్క చూపులో తెలిసిపోయింది. రెండోసారి జిగురు ఎక్కువై మరకలు. జనవరిలో టోక్యో గాలి ఎంత పొడిగా ఉంటుందో ఇక్కడ ఉన్నవాళ్లకి తెలుసు, దానికి తోడు హీటర్. నాలుగో కాగితం చేతిలో ఉండగానే ఆరి కుంచించుకుపోయి, రాళ్లకీ నీళ్లకీ మధ్య దారం లాంటి తెల్ల గీత వచ్చింది. టెన్షన్‌తో చేతులు ఇంకా తేలిపోయాయి. ఇంటికెళ్లి పాత పేపర్ల మీద ఖాళీ బారెన్ రుద్దుతూ ప్రాక్టీస్ చేశాను, రాత్రి పదకొండు దాకా, వరసగా పది రోజులు.

చివరగా బోకాషి, అంటే ముదురు నుంచి లేతకి రంగు కరిగిపోవడం. క్షితిజం దగ్గర ముదురు నీలం, మన వైపు వచ్చేకొద్దీ పలచబడి కాగితం తెలుపులో కలిసిపోవాలి. దీనికి చెక్క మీద ఏ గీతా ఉండదు. చెక్కని తడిగుడ్డతో తుడిచి, బ్రష్ ఒక అంచుకి మాత్రమే రంగు తీసుకుని, క్షితిజం వెంట అటూ ఇటూ లాగుతారు, తడిలో రంగు తనే జారుతుంది. ప్రతి కాగితానికీ మళ్లీ తుడవాలి, మళ్లీ లాగాలి, ఏ రెండూ ఒకేలా రావు. పన్నెండో కాగితం తీసినప్పుడు నేను బారెన్ పక్కన పెట్టి రెండు మూలలు పట్టుకుని మెల్లిగా లేపాను. చోషిలో చూసిన నీళ్లే వచ్చాయి. పడవ కింద నీలం లేచి, ఒడ్డుకి వచ్చేసరికి ఏమీ లేకుండా పోయింది. స్టూడియోలో ఇంకో నలుగురు వాళ్ల పనిలో ఉన్నారు, ఎవరూ తల ఎత్తలేదు, ఉలి చప్పుళ్లు అలాగే వినపడుతున్నాయి. నాకు అది చాలా హాయిగా ఉంది.

ఇరవై కాగితాల్లో ఏడు నిలిచాయి. చెక్కలు ఉన్నాయి కాబట్టి వచ్చే నెల సాయంత్రం రంగులతో మళ్లీ తీస్తాను.

ఆదివారం వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చూసి, "పడవలో మనిషేడమ్మా?" అంది.

"ఉన్నాడమ్మా, దూరం కదా, కనపడడు."

"ఒక్కడేనా?"

"ఒక్కడే."

"పొద్దున్నే వెళ్లాడా?"

అవునన్నాను. అయితే మధ్యాహ్నానికి వచ్చేస్తాడులే అంది, మంగినపూడి పడవల లెక్కన.

మావయ్య ఆ రోజు ఇంట్లోనే ఉన్నారు, ఫోన్ తీసుకున్నారు. ముందు వైపు ఎక్కువసేపు చూడలేదు. "వెనక్కి తిప్పమ్మా" అన్నారు. తిప్పాను. వెనక వైపు లేత నీలం దిగి ఉంది, పడవ రెండో పక్కకి వెళ్లింది, బారెన్ తిరిగిన దారులన్నీ సన్నగా కనపడుతున్నాయి. ఆయన ఫోన్ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

"రంగు బాగానే దిగింది. ఇదిగో, ఈ మూల చెయ్యి తేలిపోయింది చూడు" అన్నారు.

కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాను. రాళ్ల పైన, వేలెడంత మేర, నిజమే.